కయ్య మూల

మా అమ్మ వసారాలో కూర్చుని చిమ్మిలికి నువ్వులు చెరుగుతోంది. చేటపట్టే ముందు ఎవరినీ అడగలేదు. న్యూజెర్సీ నుంచి వచ్చిన మనవరాలికి జూన్‌లో పన్నెండు నిండాయి, సెలవులు ఇంకా పన్నెండు రోజులున్నాయి. "ఈలోపల ఈడనే పెద్దమనిషైతే అల్లూరంతా పిలవచ్చు" అని ఆమె లెక్క. ప్రకృతికి కూడా ముహూర్తం పెట్టగల మనిషి మా అమ్మ.

"నాకు ఆ ఫంక్షన్ వద్దు అమ్మమ్మా. మా ఫ్రెండ్‌కి చేసినట్టు బాత్ మిత్స్వా చెయ్యి" అంది మా చెల్లెలి కూతురు.

"అదేంది మే, తినేదా?" అంది అమ్మ, చేట ఆపకుండానే.

తినేది కాదని చెప్పడానికి మాకు ఒక పూట పట్టింది. పిల్ల చూసొచ్చిన కథ ఇది. ఏప్రిల్ చివరి శనివారం, యూదుల ప్రార్థనా మందిరం. మా పిల్ల క్లాసులో ఒక పిల్ల, దీని ఈడుదే, రెండు కర్రలకు చుట్టిన తోలు చుట్ట ముందు నిలబడి హీబ్రూ చదివింది. ఆ చుట్టని వేలితో ముట్టుకోరాదట. చివర చిన్న చెయ్యిలా చేసిన వెండి పుల్లతో అక్షరాలు చూపించుకుంటూ పోవాలి. ఆ పుల్ల పేరు యాద్, అంటే చెయ్యే. రెండుసార్లు గొంతు ఆగిందట. అయిపోగానే జనం మెత్తటి చాక్లెట్లు పిల్లమీదికి విసిరారు. అక్షింతల మాదిరే. చదివింపులు పద్దెనిమిది డాలర్లు, ముప్ఫయ్యారు, యాభైనాలుగు. పద్దెనిమిది వాళ్లకు 'జీవం' అనే మాటకు వచ్చే అంకె. "మనకి నూటపదహార్లు ఉన్నట్టా?" అని అమ్మ ఇక్కడ మొదటిసారి ఆసక్తి చూపించింది.

బాత్ అంటే కూతురు, మిత్స్వా అంటే దేవుడు చెయ్యమని చెప్పిన పని. ఆ పనులకు కట్టుబడ్డ కూతురు అని అర్థం. మగపిల్లలకు పదమూడేళ్లకు బార్ మిత్స్వా, ఆడపిల్లలకు సంప్రదాయం ప్రకారం పన్నెండు, కొన్నిచోట్ల పదమూడు. ఆ రోజునుంచి పిల్ల తప్పొప్పులు పిల్ల ఖాతాలోనే పడతాయి, అమ్మానాన్నల ఖాతాలోకి పోవు. అమెరికాలో చాలాచోట్ల దీనికి ముందు ఊరికి పనికొచ్చే పని ఏదో ఒకటి పిల్లే ఎంచుకుని చెయ్యాలి. దీని స్నేహితురాలు ఆదివారాలు పేదలకు తిండి సామాను పంచేచోట డబ్బాల మీద తారీఖులు చూసి సర్దిందట. "బోర్ కొట్టేదట పెద్దమ్మా, కానీ అది చెయ్యాలి, ఛాయిస్ లేదు" అంది మా పిల్ల. ఛాయిస్ లేకపోవడం గురించి ఒక పన్నెండేళ్ల అమెరికా పిల్ల అంత ఇష్టంగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

నాకు మాత్రం మన మాటే పట్టుకుంది. పెద్దమనిషి. మగవాణ్ణి ఆ మాట అంటే తగవు తీర్చేవాడు, పదిమందిలో మాట చెల్లేవాడు. ఆడపిల్లను అంటే, ఆ నెల ఇంట్లో ఏం జరిగిందో వీధికంతా ఫ్లెక్సీ కట్టి చెప్పడం. అవే ఐదక్షరాలు. మూలన చాప వేసి, పుట్టు పెట్టి, మేనమామ తెచ్చిన ఓణీ కప్పి, ఫొటోగ్రాఫర్ చెప్పినట్టు తల వంచమంటాం. ఆ రోజున పిల్ల నోటితో చెప్పాల్సిన మాట ఒక్కటీ ఉండదు. నా ఫంక్షన్ ఫొటో ఇప్పటికీ ఆ ఇంటి గోడమీద ఉంది. అందులో నా మొహం కంటే అరటిబోదె బాగా పడింది.

"అల్లూరులో యూదులు యాడుంటారు, వెయ్యి మైళ్లు పోవాల" అని అమ్మ విషయం తేల్చేయబోయింది. వెయ్యి మైళ్లు అక్కర్లేదు. రైల్లో రెండు వందల కిలోమీటర్ల లోపే, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో, తెలుగే ఇంటిభాషగా ఉన్న యూదులున్నారు. శుక్రవారం సాయంత్రానికి వస్తామని ముందే కబురు పెట్టి అడిగాను.

బయల్దేరే ముందురోజు పిల్లను ఇసకపల్లి వైపు తీసుకెళ్లాను. అల్లూరు దాటితే కయ్యలు, కయ్యలు దాటితే రొయ్యల గుంటలు, గాలిచక్రాలు తిరిగే చప్పుడు, ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ, అవతల ఇసక, సముద్రం. కాలువ ఇప్పుడు చూడటానికి ఏమంత కాదు. గుర్రపుడెక్క, ఉప్పునీళ్ల వాసన, ఒడ్డున ఒక బోర్లించిన పడవ. కానీ మేం రేపు పోయే చోటి కథ ఇక్కడే మొదలవుతుందని పిల్లకు చెప్పాను.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. పనికి గింజలన్నట్టు సర్కారు ఈ కాలువ తవ్వకం పెట్టింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని, తన చుట్టూ ఉన్న మాదిగలను, ఇంకా ఆకలితో వచ్చిన వాళ్లందరినీ పనిలో పెట్టాడు. కూలి ఇచ్చాడు. కరువు సాయం అందుతున్నంతకాలం బాప్తిస్మం ఇవ్వనని ఆపాడు, తిండికోసం మతం మారారనిపించుకోకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో మునిగారు. ఆ మిషన్ నెల్లూరులో 1840లో మొదలైంది, అల్లూరుకు 1873లోనే వచ్చింది. మా ఊళ్లో తాతముత్తాతల నాటి బాప్టిస్టు కుటుంబాలకు మూలం అదే.

ఆ గట్టుమీదే పిల్లకు ఇంకో సంగతీ చెప్పాను. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ ఇవ్వడానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అయిష్టంగా ఇవ్వడం అట్టడుగు. ఎవరిచ్చారో తీసుకున్నవాడికి, ఎవరికి పోయిందో ఇచ్చినవాడికి తెలియకుండా ఇవ్వడం పైనుంచి రెండోది. అన్నిటికంటే పైమెట్టు, మనిషి మళ్లీ చెయ్యి చాచకుండా పని చూపించడమో, అప్పివ్వడమో, వ్యాపారంలో కలుపుకోవడమో. క్లౌ దొర చదివాడో లేదో గానీ కాలువగట్టు మీద చేసింది ఆ పైమెట్టు పనే అని నాకనిపిస్తుంది. ఇట్లా ఇవ్వడానికి యూదులు వాడే మాట ౘెదకా. దానం అని తిప్పితే సరిపోదు, న్యాయం అనే మాటకు చుట్టం అది. ఇవ్వడం మన గొప్ప కాదు, అవతలివాడికి రావలసిందే అన్న అర్థం అందులో ఉంది.

శుక్రవారం పొద్దున ఆటోలో బిట్రగుంట. ఒకప్పుడు బొగ్గు ఇంజన్ల షెడ్డుతో వెలిగిన స్టేషను, ఇప్పుడు పాసింజరు కోసం చెట్లకింద కాసుకుని కూర్చునే చోటు. కావలి, సింగరాయకొండ, ఒంగోలు. ఉలవపాడు దగ్గర మామిడితోటలు చూపించి, నువ్వు రెండు నెలలు ఆలస్యంగా వచ్చావని పిల్లను ఉడికించాను. ఒంగోలు దాటాక గుండ్లకమ్మ వంతెన. ఎగువన ఆ రెండువేల పైచిలుకు మంది మునిగిన నది ఇదేనని చెబితే పిల్ల కిటికీకి మొహం ఆనించి చూసింది. నీళ్లు పెద్దగా లేవు. చీరాల, బాపట్ల. నిడుబ్రోలులో దిగి, పొన్నూరు నుంచి గుంటూరు బస్సెక్కాం. పాత రోజుల్లో అయితే పడవలోనే వచ్చుండేవాళ్లం. బకింగ్‌హాం కాలువ పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువను కలుస్తుంది, అక్కణ్ణించి కృష్ణా నీళ్లే.

చేబ్రోలులో దిగితే కోనేటి మధ్య చతుర్ముఖ బ్రహ్మ గుడి, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. బ్రహ్మకు గుళ్లు అరుదు గదా, చూసే పోదామన్నాను. పిల్ల తొందరపెట్టింది. సూర్యాస్తమయం లోపల చేరాలి, ఆ తర్వాత సబ్బాతు. ఆటో అబ్బాయికి ఊరి పేరు చెబితే, "ఇజ్రాయేలోళ్ల దగ్గరికా?" అని తనే అడిగాడు.

బెనె ఎఫ్రాయిం అని వాళ్ల పేరు. ఎఫ్రాయిం పిల్లలు. వీళ్ల పెద్దలు షమూయేల్ యాకోబీ, సాదోక్ యాకోబీ అన్నదమ్ములు. షమూయేల్ మొదట క్రైస్తవ బోధకుడు. 1980లలో యెరూషలేము వెళ్లివచ్చి, తమ కుటుంబాల్లో పెద్దలు చెప్పుకున్నట్టు తాము ఇశ్రాయేలు తప్పిపోయిన పది గోత్రాల్లో ఒకటని, తూర్పు దేశాలు తిరిగి తెలుగునేల చేరి, ఊరి బయటకు నెట్టబడి మాదిగలమయ్యామని చెప్పాడు. కొన్ని పదుల కుటుంబాలు ఆ మాట మీద నిలబడి హీబ్రూ నేర్చుకున్నాయి, మందిరం కట్టుకున్నాయి. ఇట్లాంటి కథే చెప్పుకునే ఈశాన్యంలోని బెనె మెనాషేలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తించాడు. వీళ్లకు ఆ గుర్తింపు రాలేదు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ ఇద్దరూ వీళ్లతో గడిపి 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు, కులం కోణం వదలకుండా. వంశం నిజమా కాదా అని నన్నడిగితే, మా ఇంటి గోత్రం కూడా ఎవరూ తవ్వి చూసింది కాదు. ఊరవతల నిలబెట్టినవాళ్లు తమ కథ తామే చెప్పుకుంటామంటే రుజువులు అడిగే హక్కు ఊరివాళ్లకు ఎంతుందో నాకు అనుమానమే.

చిన్న గది. గోడమీద ఆరుమూలల నక్షత్రం. చెప్పులు బయట. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. కాసేపట్లో ఒకామె గబగబా వచ్చింది, తల తడిగా ఉంది, కాలిగోళ్ల సందుల్లో నల్లరేగడి బురద ఇంకా పోలేదు. నాట్లనుంచి నేరుగా స్నానం చేసి వచ్చినట్టుంది. రెండు కొవ్వొత్తులు వెలిగించి, మంట మీదుగా మూడుసార్లు చేతులు తనవైపు తిప్పుకుని కళ్లు మూసుకుంది. మన హారతి కళ్లకద్దుకోవడం అచ్చం అదే. పిల్ల నా మోచేయి గిల్లింది: "మా ఫ్రెండ్ వాళ్ల అమ్మ కూడా ఇంతే చేస్తుంది!"

ప్రార్థన కొంత హీబ్రూ, కొంత తెలుగు. వినడానికి మా అల్లూరు చర్చిలో పెద్దల ప్రార్థన ఊపే ఉంది, మాటలు మాత్రం వేరు.

తర్వాత ఆమెతో మాట్లాడాను. శనివారం పని చెయ్యకూడదు గదా, కూలిపని ఉన్నవాళ్లకు ఎట్లా అని.

"మానాలనే ఉంటదమ్మా. నాట్లు శనివారం చూసుకుని ఆగుతయ్యా? ముఠాలో ఒకదాన్ని మానితే మిగతావాళ్ల మీద పడిద్ది. కుదిరినప్పుడు మానుతాం, కుదరనప్పుడు ఆయనకే చెప్పుకుంటాం."

అమెరికాలో పిల్లలు బాత్ మిత్స్వాకు సాయం చేసే పని ఒకటి పెట్టుకుంటారని మా పిల్ల తన వచ్చీరాని తెలుగులో చెప్పింది. ఆమె నవ్వింది. "సాయానికి మళ్లా ఒక పనా? పురుడైనా, పీనుగైనా ఈ నాలుగిళ్లే గదా. పన్నెండేళ్లు రావాలా దానికి?"

వసారాలో దీని ఈడు పిల్ల ఒకతి నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంది. అందులో హీబ్రూ ప్రార్థన తెలుగు లిపిలో రాసుకుంది, గడగడా చదివేస్తోంది. మా పిల్ల పక్కన కూర్చుని ఎంతసేపు చూసినా ఒక్క అక్షరం తెలియలేదు. హీబ్రూ రాదు సరే, తెలుగూ చదవలేదు. ఆ సంగతి ఆ పిల్ల ఇట్టే కనిపెట్టేసింది. సబ్బాతు వేళ రాయకూడదు కాబట్టి, పెన్ను తీయలేదు. అరచేతిలో వేలితో గీసి చూపించింది: షా. లో. మ్. మా పిల్ల తన అరచేతిలో గీసుకుంది. మకారం మీద పొల్లు తోక ఎటు తిరుగుతుందో నాలుగుసార్లు తప్పింది. న్యూజెర్సీలో పుట్టిన తెలుగుపిల్ల తెలుగులో రాసిన మొదటి మాట ఒక హీబ్రూ మాట, అదీ కాగితం లేకుండా.

రాత్రి గుంటూరులో ఉండి, మర్నాడు తిరుగు రైలు. పిల్లకు నిద్ర రాలేదు. బాత్ మిత్స్వా ఎప్పటినుంచి ఉందని అడిగింది. మగపిల్లలది వందల ఏళ్లనాటిది. ఆడపిల్ల అందరి ముందు నిలబడి చదవడం అమెరికాలో 1922 మార్చి 18న న్యూయార్కులో మొదలైందంటారు. రబ్బీ మొర్దెకయ్ కప్లాన్ కూతురు జూడిత్, పన్నెండున్నరేళ్లు. చుట్ట దగ్గరికి రానివ్వలేదు, కాస్త దూరంగా నిలబడి అచ్చు పుస్తకంలోంచి చదివింది. నాయనమ్మ, అమ్మమ్మ ఇద్దరూ ఈ అఘాయిత్యం ఆపమని ఒకరినొకరు ఎగదోసుకున్నారట. "మన అమ్మమ్మ లాగా" అంది పిల్ల సంతోషంగా. ఎనభై రెండేళ్ల వయసులో ఆవిడ రెండోసారి చేసుకుంది, ఈసారి దూరంగా నిలబడకుండా.

నేను మా జిల్లా కథ చెప్పాను. 1990ల మొదట్లో నెల్లూరులో రాత్రిబడులు నడిచాయి. కూలినాలి చేసుకునే ఆడవాళ్లు లాంతరు ముందు వాచకం పట్టుకుని కూడబలుక్కుని చదివారు. అందులో సారా వల్ల కాపురం గుల్లైన ఆడమనిషి కథ పాఠంగా ఉంది. దూబగుంటలో ఆ పాఠం చదివినవాళ్లు పుస్తకం మూసి ఊరుకోలేదు, సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1992లో ఆ ఉద్యమం జిల్లా దాటింది, 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం. అది ఎక్కువకాలం నిలవలేదన్నది వేరే సంగతి. నలుగురిలో నిలబడి ఒక పాఠం చదవడం, చదివింది మీద పడ్డట్టు లేచి పనిలోకి దిగడం. మా జిల్లాలో ఆడవాళ్లు మాట చెల్లే అర్థంలో పెద్దమనుషులైన రోజులవి. వాళ్లలో పన్నెండేళ్లవాళ్లు లేరు, అరవై ఏళ్లవాళ్లున్నారు.

"అప్పుడు చాక్లెట్లు విసిరారా?" అంది పిల్ల.

కారం విసిరారు, సారా బండ్లవాళ్ల మీద.

సోమవారం ఎడగారు కోత. మాకున్నది ఎకరన్నర, కౌలుకిచ్చింది. కౌలు రైతు మా అమ్మకు వరసకు అబ్బయ్య, చుట్టం కాదు. కోత మిషను వస్తుందంటే పిల్ల చూస్తానంది. మిషను మూలల్లో తిరగలేదు, అందుకని ముందుగా ఇద్దరు ఆడవాళ్లు కొడవళ్లతో కయ్య నాలుగు మూలలూ కోసి దారి చేస్తారు. వాళ్లు కొడవలి వెయ్యబోతుంటే పిల్ల గట్టుమీదనుంచి అరిచింది: "మూలలు కొయ్యకండి!"

తన స్నేహితురాలు ఏప్రిల్‌లో చదివిన భాగం లేవీయకాండంలోది. పొలం అంచులు పూర్తిగా కొయ్యకుండా బీదలకు, పరదేశులకు వదలాలని అందులో ఉంటుంది. రాలిన కంకుల సంగతీ ఉంటుంది, దానికి మన బైబిల్లో పడ్డ మాట పరిగె. ఆ మాటకు నిఘంటువు అవసరం అల్లూరులో ఎవరికీ ఉండదు. కోత అయిన కయ్యలో ఒళ్లో గుడ్డ కట్టుకుని పరిగె ఏరుకునే ఆడవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లమే. మిషన్లు వచ్చాక పరిగె తగ్గింది, కొన్నిచోట్ల మాత్రం మిషనే ఎక్కువ రాలుస్తుంది.

కొడవళ్లు ఆగాయి. మిషను డ్రైవరు బీడీ ముట్టించాడు, గంటకు ఇంతని బాడుగ కాబట్టి అతనికి తొందరేమీ లేదు. కౌలు రైతుకుంది. గట్టు దిగి వచ్చాడు. పిల్ల చెప్పిందంతా విన్నాడు, నేను సగం తెలుగు చేసి చెప్పాను. తలపాగా తీసి దులుపుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు:

"పాపా, మూలలు వదిలితే మంచిదే. అయితే ఆ మూల ఎవురిది? విత్తనం నాది, ఎరువు నాది. మీ అమ్మమ్మకు ఎకరాకి పుట్టి కొలవాల. మూల వదిలితే నా గింజలు పోతాయి, పుణ్యం మీకొస్తాది."

పిల్లకు పుట్టి అంటే ఏంటో చెప్పాల్సివచ్చింది. ఎనిమిది వందల యాభై కిలోలు. దాని మొహం ఎర్రబడింది. ఒప్పించే మాటకోసం నావైపు చూసింది. నా దగ్గర లేదు. ఎవరి పొలంలోంచి ఎవరు ఇస్తున్నారన్నది నేను కాలువగట్టు మీద పాఠం చెప్పేటప్పుడు ఆలోచించలేదు.

అమ్మ గొడుగు వేసుకుని అప్పుడే వచ్చింది. సంగతి అడిగింది. రైతు చెప్పాడు. పిల్ల కల్పించుకుంది. ఆయన వదిలితే ఆయన ఇచ్చినట్టు గదా, మనం ఇవ్వాలంటే మనకొచ్చే దాంట్లోంచి తగ్గాలి గదా, అని. తడబడుతూ, మధ్యలో ఇంగ్లీషు పెట్టుకుంటూ చెప్పింది. గట్టుమీద ఉన్నవాళ్లందరూ వింటున్నారు. కొడవళ్లు పట్టుకున్న ఇద్దరూ, మిషను డ్రైవరూ, నేనూ. రెండుసార్లు గొంతు ఆగింది.

అమ్మ కాసేపు కయ్యవైపు చూసింది. "మూలలు నాలుగూ కలిపితే ఎంతొస్తాది అబ్బయ్యా?"

"బస్తా రావచ్చు. తక్కువే."

"కౌల్లో బస్తా తగ్గించి కొలువు. మూలలు ఉండనీ." కొడవళ్లు పట్టుకున్న ఆడవాళ్లవైపు తిరిగింది. "మీరే కోసుకోండి మే. మిషనుకు దారి కావాల, మీ ఒళ్లోకే కోసుకోండి."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, కూలి లెక్కలోంచి ఇది పోదుగదా అని అడిగి రూఢి చేసుకుని మరీ వంగారు. కౌలు రైతు తలపాగా చుట్టుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"పెద్దమ్మా, ఈ పంటకేనా, పంట పంటకీనా? నేను రాసుకోవాల."

అమ్మ నావైపు చూడలేదు. పిల్లవైపు చూసింది. పిల్ల విమానం శనివారం.